అప్ప కుట్టిన చుట్టకుదుళ్లు

నేను మొట్టమొదటిసారి నలుగురినీ ఒకచోట చేర్చి ధ్యానం, సౌండ్ థెరపీ చేయించింది రాయ్‌పూర్‌లోని మోవాలో, మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో. కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన చలికాలం అది. ఆ తర్వాత చాలా ఆదివారాలు చేయించాను. ఎవరైనా మొదటిసారి ఎలా జరిగిందని అడిగితే, బాగానే జరిగిందని చెప్పి మాట మార్చేస్తాను. జరగడం బాగానే జరిగింది. దానికి ముందు వారం రోజులూ నేను ప్రవర్తించిన తీరే బాగాలేదు.

మా అప్ప గురించి, అంటే మా అక్క గురించి, ముందు చెప్పాలి. నాకంటే పదకొండేళ్లు పెద్దది. మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి రాయ్‌పూర్ వచ్చిన కుటుంబం. నాన్న వ్యాగన్ల మరమ్మతు షాపులో ఖలాసీ. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్ప అప్పటికే పది పాసై, ఇంటర్‌లో చేరింది. ఆ చదువు అక్కడితో సరి. నాకు తల దువ్వడం, బడికి పంపడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం అన్నీ తనే. పెళ్లయ్యాక కూడా మా క్వార్టర్ పక్క వీధిలోనే కాపురం పెట్టింది. తర్వాత ఆసుపత్రిలో ఆయాగా చేరి రిటైరయ్యేదాకా అదే పని చేసింది. నేను బీఎడ్ చదివానంటే ఆవిడ చదివించబట్టే. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరునయ్యాను. పెళ్లి చేసుకోలేదు. బావ పోయిన తర్వాత అప్ప నా దగ్గరికే వచ్చేసింది. కొడుకు ఉర్లాలో ఒక స్టీలు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వాళ్లది ఒంటిగది ఇల్లు. "ఆడి కాడ నాకు కాళ్లు జాపుకునే చోటు లేదే" అని నవ్వుతూ తన పెట్టె తెచ్చుకుంది. అలా తొమ్మిదేళ్లు ఇద్దరం కలిసి ఉన్నాం.

కరోనాలో ఫోను పట్టుకుని పాఠాలు చెప్పీ చెప్పీ నాకు నిద్ర పట్టకుండా పోయింది. ఏ మందూ సరిపడలేదు. మా స్కూల్లో పనిచేసే ఒకావిడ తెలీబంధాలో చెరువు దగ్గర ఒక క్లాసుకు తీసుకెళ్లింది. అక్కడ నేర్పే దీదీ పెద్ద పెద్ద కంచు గిన్నెలు వరసగా పెట్టి, గుడ్డ చుట్టిన కర్రతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా తాకించేది. ఆ మోత చెవిలోంచి కాకుండా ఒంట్లోంచి వినబడినట్టుండేది. మొదటి రోజే అక్కడ చాప మీద నిద్రపోయాను. వారాంతాల్లో ఆరు నెలలు వెళ్లి నేర్చుకున్నాను. ఏడు గిన్నెలు కొనుక్కున్నాను.

ఇంట్లో నేను సాధన చేసింది అప్ప మీదే. స్కూలు నుంచి రాగానే ఆవిడ హాల్లో చాప పరుచుకుని బోర్లా పడుకునేది. నేను వీపు మీద గిన్నె పెట్టి తట్టేదాన్ని.

"ఏటే ఇది, నడుంలోన తేనెటీగలు తిరిగినట్టున్నాది," అంది మొదటిరోజు.

"మాట్లాడకూడదప్పా. కళ్లు మూసుకుని ఊపిరి చూసుకో."

"ఊపిరి చూడ్డమేటే? పీల్చడం, ఒదలడమేగా." ఒక్క నిమిషం ఊరుకుని మళ్లీ అంది. "గిన్నెలు తోమడం నాకొచ్చు గానీ ఒలే, గిన్నెలు వాయించి మనుషుల్ని పండబెట్టడం నీ దగ్గరే చూస్తన్నాను."

అంతలోనే గురక మొదలయ్యేది. అది మామూలు గురక కాదు. దానికి తోడు గుడాకు దగ్గు. గుడాకంటే పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద, ఛత్తీస్‌గఢ్‌లో ఆడవాళ్లకు చాలామందికి అలవాటు. ఆసుపత్రిలో తోటి ఆయాల దగ్గర అప్పకి అంటుకుంది. మానమని ఎంత చెప్పినా మానలేదు. కానీ రోజూ నా కోసం అలా పడుకుంది. ఏ గిన్నె ఎక్కడ పెడితే హాయిగా ఉందో, ఏది మరీ గట్టిగా తగిలిందో ఓపిగ్గా చెప్పేది. నాకు చెయ్యి కుదిరింది ఆవిడ వీపు మీదే.

దీదీ ఒక రోజు, "ఇక మీరే సొంతంగా ఒక గ్రూపుకు చేయించండి" అంది. నాకు భయమేసింది. అప్పకి మాత్రం పండగే. "ఎంతమందొస్తారే? చాపలున్నాయా? నీళ్లో?" అని ఆవిడే మొదలుపెట్టింది. గిన్నెలు నేల మీద పెడితే టైల్సుకి తగిలి గలగలమంటున్నాయని చూసి, పాత నూలు చీరలు చింపి, తాడులా పేని, గుండ్రంగా చుట్టి, సూదితో బిగించి చుట్టకుదుళ్లు తయారుచేసింది. మా నాయనమ్మ కుండల కింద పెట్టేదట అలాంటివి. ఒక్కో గిన్నె అడుగు కొలిచి ఒక్కో సైజులో చేసింది. వాటి మీద పెట్టాక గిన్నె ఎంతసేపు మోగిందంటే, ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

క్లబ్‌హౌస్ ఇప్పించింది ఆ అపార్ట్‌మెంట్ల సెక్రటరీ భార్య. వాళ్లమ్మాయి నా దగ్గర చదువుకుంది. ఆదివారం పొద్దున్న ఆరున్నరకని అనుకున్నాం. ఆవిడ ఫోనులో వాళ్ల గ్రూపుకి పంపడానికి హిందీలో ఒక మెసేజ్ రాసిచ్చాను. వదులు బట్టలు వేసుకోవాలి, రెండు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదు, కప్పుకోవడానికి ఒక దుప్పటి తెచ్చుకోవాలి, సెంటు పూసుకోకూడదు, గర్భిణులూ గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ ముందే చెప్పాలి అని. రాసింది గట్టిగా చదువుతుంటే అప్ప పక్కనే కూర్చుని వింది.

"మరి నానేటి కట్టుకోవాలి? చీరతోన పడుకుంటే నలుగురిలో బాగోదు కదేటి."

ఆవిడ వస్తుందని నేను అనుకోలేదు. రాదనీ అనుకోలేదు. అసలు ఆ ఆలోచనే నాకు రాలేదు. "చూద్దాంలే" అన్నాను.

బుధవారం సాయంత్రం సెక్రటరీ భార్య మా ఇంటికి వచ్చింది. అందరికీ చెప్పేముందు ఒకసారి తన కళ్లతో చూడాలని. తలుపు తీసింది అప్ప. అప్పుడే అంట్లు తోముతోంది, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉంది, చేతులు తడిగా ఉన్నాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, టీ పెట్టడానికి లోపలికెళ్లింది. నేను బయటికొచ్చి గిన్నెలన్నీ చూపించాను. ఆవిడ ముచ్చటపడింది. అప్ప టీ ట్రే పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నాతో హిందీలో అంది: "ఈ బాయీ మీద చేసి చూపిస్తారా? నేను చూస్తాను."

రాయ్‌పూర్‌లో ఇంట్లో పనిచేసే మనిషిని బాయీ అంటారు.

మా అక్కండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. అది నా నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఆ క్షణంలో నేను అప్పని ఆవిడ కళ్లతో చూశాను. ఎత్తి దోపిన చీర, గుడాకుతో నల్లబడ్డ చిగుళ్లు, పగిలిన మడమలు. సిగ్గుపడ్డాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు గానీ, నిజం అదే.

"ఆఁ, చూపిస్తాను," అన్నాను.

అప్ప ట్రే బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు. కుచ్చిళ్లు దించుకుని, చాప పరుచుకుని, ఎప్పటిలాగే బోర్లా పడుకుంది. నేను గిన్నె పెట్టాను. రెండు నిమిషాల్లో గురక, తర్వాత దగ్గు. సెక్రటరీ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "హాల్లో ఎవరైనా ఇలా మొదలుపెడితే మిగతావాళ్ల ధ్యానం ఏం కాను!" అంది. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం అప్ప ఆ సంగతి ఎత్తలేదు. ఏడో చుట్టకుదురు ఇంకా కుట్టాల్సి ఉంటే, కళ్లజోడు పెట్టుకుని అది కుట్టుకుంటూ కూర్చుంది. వినబడలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను.

శనివారం నేను క్లబ్‌హౌస్‌కి వెళ్లి హాలు చూసుకున్నాను. ఒక ఫ్యాను కిర్రుమంటోంది, దాన్ని వేయొద్దని కాపలా మనిషికి చెప్పాను. కిటికీలో పావురాలు. నీళ్ల మిషను గుర్రుమంటుంటే ప్లగ్గు తీయించాను. పదిహేను చాపలు వేయించి, గిన్నెలు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. ఇంటికొచ్చేసరికి అప్ప అద్దం ముందు నిలబడి ఉంది. ఒంటి మీద లేత నీలం రంగు నూలు సల్వార్ సూటు. ఆవిడకి అరవై మూడేళ్లు, చీర తప్ప వేరేది కట్టడం నేనెప్పుడూ చూడలేదు. వీధి చివర టైలరుతో కుట్టించుకుందట, నాకు చెప్పకుండా. చున్నీ ఎటు వేసుకోవాలో తెలీక రెండు భుజాల మీదా అటూ ఇటూ లాగుతోంది.

"బాగున్నాదేటే?" అంది. ముఖం ఎర్రబడింది. "గుడాకు కూడా నిన్న నుంచి ముట్టలేదు, తెలుసా? రేపు దగ్గు రాకుండా మిరియాల కషాయం తాగొస్తాను. ఈ డ్రెస్సేసుకుంటే ఆ మేడమ్ నన్ను బాయీ అనదులే."

నవ్వుతూనే అంది. అంటే విన్నదన్నమాట.

అప్పుడైనా కాళ్ల మీద పడాల్సింది. కనీసం, "రా అప్పా, నువ్వే ముందు వరసలో పడుకో" అనాల్సింది. దానికి బదులు నాకు గాబరా పుట్టింది. రేపు ఈవిడ వస్తే, ఈవిడ మా అక్క అని ఆవిడకి ఇప్పుడెలా చెప్పాలి? బుధవారం ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? మళ్లీ గురక పెడితే? నా నోటి నుంచి అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో!

"అప్పా, హాలు ఫుల్లయిపోనాది. పేర్లిచ్చినోళ్లకే చోటు లేదు. ఈసారికి వద్దులే, పై వారం తీసుకెళ్తాను."

ఆవిడ చున్నీ సర్దుకుంటున్న చేతులు ఆగాయి. ఒక్క క్షణమే. "అయ్యో, నిండిపోనాదా! మంచిదేలే. జనం అంతమందొస్తన్నారంటే మంచిదే కదేటి," అంది. లోపలికెళ్లి చీర కట్టుకుని వచ్చి, రాత్రికి నాకు తేలిగ్గా ఉంటుందని పెసరకట్టు చేసింది.

ఆదివారం తెల్లవారకముందే లేచాను. గిన్నెలు ఒక్కొక్కటీ తువ్వాళ్లలో చుట్టి రెండు సంచుల్లో పెట్టింది అప్పే. ఆటో వరకూ మోసింది కూడా. హాలుకి వెళ్లి గిన్నెలు బయటికి తీశాక తెలిసింది, చుట్టకుదుళ్ల సంచి రాలేదని. ముందురోజు హాలు చూడ్డానికి వెళ్తూ తీసి ఇంట్లో కుర్చీ మీద పెట్టి మరిచిపోయాను. గిన్నెలు టైల్సు మీద పెట్టి చూస్తే పళ్లు జివ్వుమన్నాయి. తువ్వాళ్లు మడతపెట్టి పెడితే మోత చచ్చిపోయింది. జనం వస్తున్నారు. ఒక్కొక్కరూ చెప్పులు బయట విడిచి, దుప్పట్లు పరుచుకుని, గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పేర్లు ఇచ్చింది పన్నెండు మంది. వచ్చింది పదిమంది.

ఆరుంబావు దాటాక సెక్రటరీ భార్య గుమ్మం దగ్గర నుంచి నన్ను పిలిచింది. "మేడమ్, మీ బాయీ ఏదో తెచ్చింది."

అప్ప గుమ్మానికి అవతల చెప్పుల మధ్య నిలబడి ఉంది. నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చలికి తలకి శాలువా చుట్టుకుంది. ఇంట్లో కట్టుకునే చీరే. చేతిలో గుడ్డసంచి. ఆవిడ చూపు నన్ను దాటుకుని హాల్లోకి వెళ్లింది. నా వెనక ఐదు చాపలు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఆవిడ చూసింది. చూసిందని నేను చూశాను.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలీదు. ఈలోగా అప్ప సంచి సెక్రటరీ భార్య చేతికిచ్చి, ఆసుపత్రిలో డాక్టర్లతో మాట్లాడే గొంతుతో, "యే సామాన్ ఘర్ మే ఛూట్ గయా థా, మేడమ్" అంది. ఇంట్లో మరిచిపోయారమ్మా అని. నాతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే తెలిసిపోతుందని. దగ్గు వస్తుంటే శాలువా కొంగు నోట్లో కుక్కుకుని, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను పిలవలేదు.

చుట్టకుదుళ్లు వరసగా పెట్టి, గిన్నెలు వాటి మీద ఎక్కించి, టైముకే మొదలుపెట్టాను. కళ్లు మూసుకోండి అన్నాను. పాదాలు వదులుగా వదిలేయండి, భుజాలు వదిలేయండి, నుదురు వదిలేయండి అన్నాను. ఊపిరి మీద మనసు పెట్టండి అని పదిమందికీ చెబుతూ నేను రోడ్డు మీద నడుస్తున్న అప్పతో పాటే నడిచాను. మెయిన్ రోడ్డు దాటేటప్పుడు లారీలు చూసుకుందో లేదో అనుకున్నాను. చేతులు మాత్రం వాటంతట అవే పని చేశాయి. పెద్ద గిన్నె తాకితే హాలు మొత్తం మెల్లగా నిండింది. ఇరవై నిమిషాలయ్యాక మూల చాప మీద పడుకున్న రిటైర్డ్ ఇంజనీరు గారు గురక మొదలుపెట్టారు. కాసేపటికి ఇంకొకావిడ. ఎవరూ లేవలేదు, ఎవరూ విసుక్కోలేదు. అయిపోయాక ఆయన సిగ్గుపడుతూ క్షమించమంటే, "గురక వచ్చిందంటే ఒళ్లు పూర్తిగా విశ్రాంతిలోకి వెళ్లిందని అర్థమండీ, మంచిదే" అన్నాను. అందరూ నవ్వారు. ఒకామె నా చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది, ఇంత హాయిగా పడుకుని ఏడాదయిందని. సెక్రటరీ భార్య ప్రతి వారం చేయించమంది.

ఇంటికొచ్చేసరికి అప్ప చీలాలు పోస్తోంది. బియ్యప్పిండితో ఇక్కడివాళ్లు పోసుకునే అట్లు. పొద్దున్న నుంచీ ఏమీ తినలేదని నాకోసం టమాటా పచ్చడి కూడా నూరింది.

"అందరూ బాగా పండుకున్నారేటే?"

"పడుకున్నారప్పా."

"మంచిది. బేగి తిను, చల్లారిపోతాయి."

అంతే. నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పై వారం రమ్మన్నాను. "నడుం బాగానే ఉన్నాదిలే" అంది. ఆ తర్వాత ఇంట్లో సాధనకు కూడా ఎప్పుడూ చాప పరచలేదు. మోకాళ్లనో, పప్పు పొయ్యి మీద ఉందనో ఏదో ఒకటి చెప్పేది. నీలం సూటు చేతులు బిగుతయ్యాయని కోడలికి ఇచ్చేసింది. నెలన్నర తర్వాత కోడలికి రెండో కాన్పు వచ్చింది. అప్ప ఉర్లా వెళ్లింది. కాన్పు కోసమే వెళ్లింది, అది నిజమే. కానీ పిల్ల పుట్టి ఏడాది దాటినా తిరిగి రాలేదు. పెట్టె కూడా కొడుకుతో తెప్పించుకుంది. ఒంటిగదిలో అడ్డంగా పడుకునే ఐదుగురిలో ఆవిడ ఒకతె.

సెక్రటరీ భార్యకి నిజం చెప్పాను, చాలా ఆలస్యంగా. ఆవిడ తెల్లబోయింది. "అయ్యో, అప్పుడే చెప్పి ఉంటే క్షమించమని అడిగేదాన్ని కదా" అంది. తప్పు ఆవిడది కాదు.

అప్పతో మాట్లాడటానికి ఇంకా ఆలస్యమైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఉర్లా వెళ్తూనే ఉన్నాను, చెప్పకుండానే తిరిగొస్తూనే ఉన్నాను. ఒకరోజు కోడలు పిల్లని తీసుకుని పక్కింటికి వెళ్తే ఇద్దరమే మిగిలాం. అప్ప మంచం మీద కూర్చుని మెంతికూర వలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ రెండు కాడలు అందుకున్నాను.

"అప్పా, ఆ రోజు నేను చెప్పాల్సింది. మా అప్ప అని."

ఏ రోజని అడగలేదు. ఆకులు గిల్లుతూనే ఉంది.

"ముప్పై ఏళ్లు బాయీ బాయీ అనే పిలిచినారు నన్ను ఆస్పత్రిలోన. నాకేటి కొత్త?"

"హాలు ఫుల్లయిందని అబద్ధం చెప్పాను."

"తెలుసు."

బయట ఏదో ప్లాంటులో ఇనుము పడేసిన మోత. అప్ప కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆవిడన్నందుకు కాదే గుంటా," అంది. "ఆవిడకేటి తెలుసు నానెవరో. నువ్వు ఊరుకున్నావు సూడు. అదీ."

నేను ఏడిచాను. ఆవిడ ఓదార్చలేదు, కోప్పడలేదు. మెంతికూర గిన్నెలోకి దులిపి లేచింది. ఇంటికి రమ్మన్నాను. "ఇక్కడ దుమ్ముకి నీ దగ్గు ఎక్కువైపోనాది, వచ్చీ అప్పా" అని బతిమాలాను. "పిల్ల నాకు అలవాటైపోనాది. దానికి నడక వచ్చినాక చూద్దాం" అంది. ఇప్పుడా పిల్ల పరుగులు పెడుతోంది. అప్ప ఇంకా అక్కడే ఉంది. వస్తే నాలుగు రోజులుంటుంది, చుట్టంలా. వెళ్లేటప్పుడు దుప్పటి మడిచి పెట్టి మరీ వెళ్తుంది. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ మడిచేది కాదు.

మెంతికూర వలిచిన ఆ మధ్యాహ్నం మాత్రం అన్నం పెట్టి, నేను తింటుంటే అడిగింది, ఇప్పుడు ఎంతమంది వస్తున్నారని. ఇరవై దాటారని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన కోడలితో, "విన్నావేటమ్మా, మా చెల్లి దగ్గరికి ఇరవైమందొస్తన్నారట! డాక్టర్లు కూడా వస్తన్నారట!" అని చెప్పింది. డాక్టర్ల మాట నేననలేదు. అయినా కాదనలేదు. తల వంచుకుని తింటూ కూర్చున్నాను.